పొర ఊడింది

నాచారం,
26 ఫిబ్రవరి 2006.

మొగిలయ్య బావకు,

నువ్వు క్షేమమా అని అడగను. నేను క్షేమమని రాయను. నా కుడి కన్ను పోయింది. ఎదురుగా దీపం పెడితే అక్కడేదో వెలుగుందని తెలుస్తుంది, అంతే.

ఈ ఉత్తరాన్ని ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర హన్మకొండ బస్సు డ్రైవర్ చేతికిస్తున్నాను. మీ స్టేజీ దగ్గర హోటల్లో పడేస్తాడు. ఫోన్ చెయ్యొచ్చు. కానీ మీ ఊరి ఫోన్ కిరాణా కొట్టులో ఉంది, అక్కడ నువ్వు డాక్టర్ సాబువి. నేను నోరు తెరవగానే పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవాల్సిందే.

జనవరిలో జీవన్ కుమార్ (నా గదిలో ఉంటాడే, అతను) నన్ను గుంజుకుపోయి పెద్ద కంటి దవాఖానాలో కూర్చోబెట్టాడు. అక్కడ తారామణి మేడమ్ అని ఒక డాక్టర్. ఆమెకూ నాకూ నడిచిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ఎన్నొద్దులాయె కనిపించక?"

"ఐదు నెలలు మేడం. ఆగస్టుల మెరుపులొచ్చినయ్, నల్ల ఈగలొచ్చినయ్, మూడో దినం సగం కన్ను మూసుకుపోయింది."

"మరి ఐదు నెలలు ఏం జేసినవ్?"

"ఆగిన."

"దేనికి?"

"పొర ముదరాలె గద మేడం."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఎవరు జెప్పిన్రు?"

"మా బావ. డాక్టర్."

"ఏం డాక్టర్?"

ఊళ్ళో సూదులేసే ఆరెంపీ అని చెప్పలేదు. అప్పుడు కూడా నీ పరువే కాపాడాను.

విను బావా. మోతిబిందు, అదే శుక్లం, ఆ పొర కంటి ముందు భాగంలో పడుతుంది. అది ముదిరినా తీయొచ్చు, లోకం మునిగిపోదు. నాకొచ్చింది అది కాదు. కంటి వెనక గోడకు ఇంకో పొర అంటుకొని ఉంటుందట, గోడకు కాగితం అంటించినట్టు. మనం చూసేదంతా దాని మీదే పడుతుంది. నాకు ఆ కాగితం చిరిగి, సందులో నీళ్ళు దూరి ఊడొచ్చింది. ఊడిన వారంలో పోతే మళ్ళీ అంటించేవాళ్ళు. ఐదు నెలలకు అది ముడతలు పడి గట్టిపడ్డది. అయినా ఆపరేషన్ చేసి చూశారు. నిలవలేదు.

ఇప్పుడు అసలు మాట. ఎడమ కంట్లో కూడా పొర అట్లాగే పలచబడి ఉంది. రెండు చోట్ల చిన్న రంధ్రాలు. వాటి చుట్టూ లేజర్‌తో కాల్చి కట్ట పోశారు. "ఇగ ఇది పోదు గద?" అన్నాను.

"పోవచ్చు, పోకపోవచ్చు. నీ అద్దాల నంబరు మైనస్ పద్నాలుగు, ఒక కన్ను ఊడింది. నేను మాటియ్య. మెరుపు, ఈగలు, తెర, ఈ మూడిట్ల ఏదొచ్చినా అదే దినం రా. తెల్లారి గాదు."

ఇదీ నా బతుకు. ఈ ఉత్తరం పద్మక్కకు చదివి వినిపించు. ఇంకొకరితో చదివించకు, నువ్వే చదువు.

దయాకర్


మల్లన్నగూడెం,
5 మార్చి 2006.

చిరంజీవి దయాకర్‌కు మీ బావ మొగిలయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు హోటల్ వాడు ఇచ్చినాడు. ఇదివరకు నన్ను 'మీరు' అని వ్రాసేవాడివి. బాధలో ఉన్నావు గనుక పట్టించుకోను.

నీవు జనవరిలో కొట్టుకు ఫోన్ చేసి "పొర ఊడిందట అని మా అక్కకు చెప్పున్రి" అన్నావు. కొట్టు అతను వీధిలోకి వచ్చి "పద్మక్కా, నీ తమ్మునికి పొర ఊడిందట!" అని కేక వేసినాడు. మీ అక్క నీకు చూపు వచ్చిందనుకొని, మొక్కు తీరిందని అప్పటికప్పుడు పోశమ్మకు కొబ్బరికాయ కొట్టింది. గల్లీ అంతా బెల్లం పంచింది. నిన్న నీ జాబు విన్నప్పటి నుండి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆమెకు నేనేమి చెప్పుదును?

అయితే ఒక్క విషయం, కోపగించుకోవద్దు. ఆగస్టులో ఫోన్ చేసినప్పుడు 'పొర' అన్నది నీవు. "బావా, కంట్ల పొర వచ్చింది" అని నీ నోటితో అన్నావు. పొర అని చెప్పిన రోగికి ఏ వైద్యుడైనా పొర మాటే చెప్పుతాడు. ఇరవై ఏండ్ల అనుభవం మీద నేనూ అదే చెప్పితిని.

పొన్నగంటి కూర, క్యారెట్ తినుము. బరువులు ఎత్తకుము. తుమ్ము వస్తే ఆపుకొనుము. బలానికి గోళీలు పంపుచున్నాను.

మొగిలయ్య


నాచారం,
9 ఏప్రిల్ 2006.

బావకు,

నీ గోళీలు మోరీలో పడేశాను.

నెల రోజుల నుంచి ఒకటే ఆలోచన. పొర అన్నది నేనా? ఆ రోజు వాన. నాచారం చౌరస్తా ఫోన్ డబ్బాలో నిలబడి, ఒక చెవి మూసుకొని అరిచాను. ఏమని అరిచానో గుర్తు తెచ్చుకుందామంటే ఎప్పుడూ నీ ఉత్తరంలోని మాటే వినిపిస్తుంది. జీవన్‌ను అడిగాను. "నేను బయట తడుస్తున్న, నాకేమెరుక?" అన్నాడు. అనే ఉంటాను. మన ఇళ్ళల్లో కంటికి ఏమొచ్చినా పొరే. నా కన్ను నా నోటితోనే పోగొట్టుకున్నాను అనుకుంటే నిన్ను తిట్టడానికి కూడా లేకుండా పోయింది. ఇది కన్ను పోయినదానికంటే ఎక్కువ మండుతుంది.

నా రోజు ఎట్లా గడుస్తుందో రాస్తాను, 'మీ అక్కాతమ్ముళ్ళ ఏడుపులు' అని తీసెయ్యకు. పొద్దున కళ్ళు తెరవగానే ఎదురు గోడ మీది కేలండర్ చూస్తాను. నాలుగు మూలలూ ఉన్నాయా? గీతలు వంకర పోయాయా? ఉన్నాయి, పోలేదు. అప్పుడు లేస్తాను. పది నిమిషాలకు మళ్ళీ చూస్తాను. జీవన్ పళ్ళు తోముకుంటూ, "ఏందిర, కేలండర్‌కు మొక్కుతున్నవా? మా పాస్టరు గూడ ఇంత ప్రార్థన జెయ్యడు" అంటాడు. నవ్వుతాను. నవ్వితే కన్ను అదురుతుందేమోనని ఆపేస్తాను.

షేర్ ఆటో గుంతలో పడితే రెండు చేతులతో తల పట్టుకుంటాను. పక్కన కూర్చున్నవాళ్ళు తాగాననుకుంటారు. కుదుపులతో ఊడదని మేడమ్ చెప్పింది. ఆమెకేం, ఆమెకు రెండున్నాయి.

మూడుసార్లు దవాఖానాకు ఉరికాను. మొదటిసారి మెరుపు అనుకున్నాను, పక్క షెడ్డులో వెల్డింగ్. రెండోసారి నల్ల ఈగ. మేడమ్ చుక్కల మందేసి, గంటసేపు లోపలంతా వెతికి, "ఏం లేదు, ఎట్ల కనిపించింది?" అంటే, అదిగో మళ్ళీ వచ్చిందని చూపించాను. ఆమె చేత్తో అదిలించింది. నిజం ఈగ బావా! గదిలో అందరూ నవ్వారు. నేను ఏడ్చాను. మూడోసారి ఏంటో నాకే తెలియదు, ఊరికే భయమేసి పోయాను. "నూరు సార్లు రా. నూట ఒకటోసారి నిజమైతది, ఆ సారి ఆగుతవేమోనని నా భయం" అంది.

కంపెనీలో కుడి కన్ను సంగతి ఎవరికీ తెలియదు. పదో తరగతి తప్పినవాడిని. డ్రాయింగ్ చదవడం, మైక్రోమీటర్‌తో మందం కొలవడం ఎవరూ నేర్పలేదు, సీనియర్ల తిట్లు తిని నా అంతట నేను నేర్చుకున్నాను. ఆ చదువంతా ఇప్పుడు ఒక్క కంట్లో ఉంది. ఒక కన్నుతో దూరం అందదు. కొలవాల్సిన బుష్ అందుకోబోతే చెయ్యి గాలిలో తిరుగుతుంది. మొన్న సూపర్‌వైజర్ రామచంద్రరావు చూసి, "దయాకర్, దినాం దవాఖానా అంటవ్, పనిల ధ్యాస లేదు. ఇంకో నాగా పెట్టినవంటే ఇంటికే. కండ్లున్నోళ్ళు మస్తుమంది దొరుకుతరు" అన్నాడు. తెలియక అన్నాడు. తెలియక అన్నది ఇంత సూటిగా ఎట్లా తగులుతుంది?

ఆగస్టులో నేనేమన్నానో నువ్వు మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకొని రాయి. కచ్చితంగా 'పొర' అన్నానా?

దయాకర్


మల్లన్నగూడెం,
23 ఏప్రిల్ 2006.

దయాకర్‌కు,

జాబు చేరింది. మేము ఇక్కడ బాగున్నాము.

జరిగినది జరిగిపోయింది. మాట ఎవరు అంటేనేమి? ఇప్పుడు దానిని తవ్వుకొనుట వలన పోయిన కన్ను రాదు. మీ అక్క కూడా నిన్నటి నుండి అదే అడుగుచున్నది: "నా తమ్ముడు ఫోన్ల ఏమన్నడు? అన్నది అన్నట్టు చెప్పు" అని. నాకు జ్ఞాపకం లేదన్నాను. ఎనిమిది నెలల కిందటి మాట ఎవరికి జ్ఞాపకం ఉంటుంది?

ఉన్న కన్ను కాపాడుకొనుము. ఇంక ఈ విషయం వ్రాయకుము.

మొగిలయ్య


నాచారం,
12 జూన్ 2006, సోమవారం పొద్దున ఏడు.

బావా,

వచ్చింది.

నిన్న ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు. అన్నం తిని కూర్చున్నాను, ఎడమ కంట్లో పక్క నుంచి మెరుపు. వెల్డింగ్ అనుకుందామంటే ఆదివారం షెడ్లు మూత. తరవాత మసి చల్లినట్టు చుక్కలు. ఐదింటికి కింది నుంచి నల్లగా ఒక అంచు. ఈ పొద్దున కేలండర్‌లో చివరి వారం తేదీలు లేవు.

ఫోన్ చెయ్యడం లేదు. నేను అన్న మాట తీగలో నుంచి నీ దాకా వచ్చేసరికి ఏమవుతుందో ఒకసారి చూశాను. అందుకే రాస్తున్నాను. చూసింది చూసినట్టు, గంటలతో సహా. తెరా, పొరా, మసకా, దీనికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియడం లేదు. నా నోటి మీద నాకు నమ్మకం పోయింది. నిజంగా ఉందా, నా భయమే నల్లగా కనిపిస్తుందా? నిన్నటి నుంచి కన్ను మూస్తున్నాను, తెరుస్తున్నాను. ఉంది. మళ్ళీ మూస్తున్నాను.

దవాఖానాకు పోలేదు. తిట్టు. ఆమె మొదటి రోజే చెప్పింది అదే దినం రమ్మని. నాకు తెలుసు. చెప్పులు వేసుకొని గుమ్మం దాకా పోయాను, రెండుసార్లు. పోతే ఆపరేషన్ అంటుంది. కుడి కంటికీ అదే బల్ల మీద అదే ఆపరేషన్. కట్టు విప్పితే చీకటి. ఇప్పుడు పైన మూడొంతులు కనిపిస్తుంది. అక్క ముఖమైనా, నా మైక్రోమీటరైనా ఈ మూడొంతుల్లో పడుతుంది. పోకపోతే ఇది నా చేతిలో ఉంటుంది. పోతే ఆమె చేతిలోకి పోతుంది. పిచ్చి లెక్కేనని తెలిసీ ఆ లెక్కే చేస్తున్నాను.

జీవన్‌కు చెప్పలేదు. చెబితే భుజాన వేసుకొని పోతాడు. ఫస్ట్ షిఫ్టుకు పోయాడు. నేను కూడా ఈ ఉత్తరం ఉప్పల్‌లో ఏడున్నర బస్సుకు ఇచ్చి డ్యూటీకి పోతాను. ఇంకెక్కడికి పోవాలో తెలియడం లేదు.

నువ్వు డాక్టరువి కదా. చెప్పు, ఇది ఏంటిది?

దయాకర్


నీ గది తలుపు దగ్గర,
సోమవారం, పన్నెండుంబావు.

దయాకర్,

నీ ఉత్తరం చదివి అట్లనే బస్సెక్కిన. తాళం ఉంది. పక్కింటామె డ్యూటీకి పోయిండని చెప్పింది. నీ కంపెనీ గేటు కాడికి ఉరుకుతున్న. నువ్వు నాకంటె ముందొస్తే గది దాటకు. ఎక్కడికీ పోకు. వంగకు. నీళ్ళు గూడ తాగకు, ఆపరేషన్‌కు కడుపు ఖాళీ ఉండాలె.

నువ్వడిగినవ్ గద ఏందిది అని. నాకు తెల్వదు. తెల్వదురా. నడువ్, తెలిసినోళ్ళ కాడికి పోదాం.

బావ


మల్లన్నగూడెం,
25 జూన్ 2006.

దయాకర్‌కు,

ఈ ఉత్తరం జీవన్ కుమార్ చదివి వినిపిస్తాడని తెలుసు. అతను వినడం మంచిదే. ఒక సాక్షి ఉండాలి.

ఆగస్టులో నువ్వు 'పొర' అనలేదు. "బావా, కంట్ల నల్ల తెర లెక్క దిగుతుంది, సగం మూసింది" అన్నావు. ఒక్క అక్షరం మరచిపోలేదు. తెర దిగడం అంటే ఏమిటో నాకు తెలియదు. నేను చదివిన పుస్తకంలో లేదు. నేను సూదులు, గోళీలు, సెలైన్ వరకు. అప్పుడు కొట్టులో ఏడుగురున్నారు. మల్లవ్వ మోకాళ్ళ నొప్పి సూది కోసం నా చెయ్యి పట్టుకొని నిలబడింది. అందరూ నా ముఖమే చూస్తున్నారు. తెలియదు అని ఎట్లా అనను? "ఓ, పొరనా? ముదరనియ్యి, తీపిద్దాం" అని అందరికీ వినబడేట్టు అన్నాను. మల్లవ్వ, "మా డాక్టర్ సాబు ఫోన్లనే చెప్పేస్తడు" అంది. నాకు సంతోషమైంది. అది కూడా రాయాలి కదా. సంతోషమైంది.

నీ మొదటి ఉత్తరం వచ్చాక నిజం రాద్దామని కూర్చున్నాను. కలం అబద్ధం రాసింది. 'కలం' అంటున్నాను చూడు, ఇంకా 'నేను' అనడానికి నోరు రావడం లేదు. నేను రాశాను.

ఆ సోమవారం కంపెనీ గేటు నుంచి నిన్ను దవాఖానాకు తెచ్చాను. వాళ్ళు నిన్ను లోపలికి తీసుకుపోయినాక మేడమ్ బయటకు వచ్చింది. "ముదరాలన్న బావ నువ్వేనా?" అంది. "నేనే" అన్నాను. తిడుతుందని నిలబడ్డాను. తిట్టలేదు. "తెర ఎన్ని గంటలకు మొదలైంది?" అంది. నీ ఉత్తరం చేతికిచ్చాను. నిలబడే చదివింది. "నడిమి చూపు ఇంక బతికే ఉంది, పొద్దున రాసిన ఈ రాత గీత దాటలే" అని లోపలికి పోయింది. తెల్లారి ఆపరేషన్ అయ్యేదాకా నేను కూర్చోలేదు.

మీ అక్కకు అంతా చెప్పాను. పుట్టింటికి పోతానని కూడా అనలేదు. మాట్లాడడం మానేసింది. అన్నం పెడుతుంది, ముఖం చూడదు. ఇంటి ముందరి డాక్టర్ బోర్డు తీసేద్దామనుకున్నాను. తీస్తే ఎందుకు తీశావని ఊరు అడుగుతుంది. ఇంకా వేలాడుతూనే ఉంది. ఇదీ నా ధైర్యం.

నువ్వు లేచి కూర్చునే రోజు పొద్దున చెప్పకుండా ఎందుకు వచ్చేశానో నీకు తెలుసు.

మొగిలయ్య


నాచారం,
16 జూలై 2006.

బావకు,

నా చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు పెద్దవి, ఒక పేజీకి పది వరుసలు. గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే సర్దుకో.

పొర అంటుకుంది. ఇప్పటికి. కంట్లో గ్యాస్ నింపారు కదా, అది కొంచెం కొంచెంగా కరుగుతుంది. సీసాలో నీళ్ళు కదిలినట్టు ఒక గీత ఊగుతుంటుంది. మొదట గీత పైన సన్నని పట్టీలా వెలుగొచ్చింది. రోజుకింత కిందికి దిగింది. మొన్న తారామణి మేడమ్ వేళ్ళు చూపించింది. "మూడు" అన్నాను. మూడే. గోడ మీది అక్షరాల్లో నాలుగు వరుసలు చదివాను. ఐదో వరుస చదవబోతే, "చాలు, కొట్లాడకు" అంది.

"ఇగ ఊడదు గద?" అని అడిగాను.

"నెలకోసారి రా. సూసుకుంట పోదాం."

మాట ఇవ్వలేదు. ఆమె ఎప్పుడూ ఇవ్వదు. కోపం వచ్చింది, కానీ నాతో అబద్ధం ఆడనిది ఆమె ఒక్కతే.

పని పోయింది. రామచంద్రరావు గదికి వచ్చి, కుడి కన్ను సంగతి తెలిసి, "ముందే చెప్పొద్దా?" అని పోయాడు. ముందే చెబితే ముందే పంపేవాడు. ఇప్పుడు ఏం చేస్తానో తెలియదు. జీవన్ చర్చిలో ఏదో పని ఉందంటున్నాడు. వాళ్ళ కుర్చీలు సర్దే పనికి మైక్రోమీటర్ అక్కర్లేదు. చూద్దాం.

నీ ఉత్తరం జీవన్ రెండుసార్లు చదివాడు. రెండోసారి సగంలో ఆపి, "ఇగ సాలురా" అన్నాడు. మిగతాది నేను మొన్న నా కంటితో చదువుకున్నాను, ఒక్కో మాట ముక్కుకు ఆనించుకొని.

క్షమించానని రాయను. కుడి కన్ను నీ తెలియనితనం వల్ల పోయింది. అది ఎట్లాగో మింగుతాను. రెండోది మింగలేను. నా నోటి మీద నాకే అనుమానం పెట్టావు. మూడున్నరకు మెరుపు వచ్చినప్పుడు నేను లేవకపోవడానికి సగం కారణం నా భయం, సగం నీ ఉత్తరం. కన్ను ఊడుతుంటే నేను గదిలో కూర్చొని, దీన్ని ఏమనాలి, దీన్ని ఏమనాలి అని మాట వెతుక్కున్నాను బావా! ఎవడైనా అట్లా చేస్తాడా?

అయినా ఒకటి రాయాలి. ఆపరేషన్ తరవాత పది రోజులు బోర్లా పడుకున్నాను. తల ఎత్తనివ్వలేదు. నాకు కనిపించింది మసకగా నేల, నేల మీద రెండు పాదాలు. పొద్దున అవే, సాయంత్రం అవే. నాకు అన్నం తినిపించడానికి నువ్వు నేల మీద వెల్లకిలా పడుకొని కింది నుంచి ముద్ద అందించేవాడివట. డాక్టర్ సాబు వెల్లకిలా పడుకుంటే దవాఖానా ఆయాలు నవ్వారట. జీవన్ చెప్పాడు. నాకు నీ చెయ్యే తెలిసింది, ముఖం ఆనలేదు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు నువ్వు. నేనూ మాట్లాడలేదు. పదకొండో రోజు లేపి కూర్చోబెట్టారు. నువ్వు లేవు.

అక్క నీతో మాట్లాడదంటున్నావు. అది మీ ఇద్దరి సంగతి. నేను మాట్లాడతాను. ఉత్తరంలో కాదు. ఈ ఐదు నెలలు రాసిన తిట్లు నీకు ఏమీ తగల్లేదు, ముఖం అటు తిప్పుకొని చదివి ఉంటావు. నీ ముఖం నా ముందు ఉండాలి. నేను అంటుంటే అది ఎట్లా మారుతుందో చూడాలి. మెడ నరాలు, గడ్డం, కళ్ళల్లో నీళ్ళు వస్తాయా రావా, అన్నీ చూడాలి. చూసినాక ఏమంటానో నాకూ తెలియదు.

బుధవారం రా. ఉప్పల్‌లో దిగు. వచ్చే నెల, పంట అయినాక, పెళ్ళిళ్ళు అయినాక అని రాయకు. నాకు వచ్చే నెల ఉందో లేదో మేడమే చెప్పడం లేదు.

కన్ను ఉన్నప్పుడే రా.

దయాకర్